అవ్వ చాట, నా కంప్యూటర్

వాడ ముచ్చట్లు – 17

మొన్న ఆదివారం పాత టీమ్‌ల పనిచేసినోళ్లం ఐదుగురం కలిసినం. చాయ్ తాగుకుంట కూసుంటే మాట వర్క్ ఫ్రం హోమ్ మీదికి మళ్లింది. ఒకాయన అన్నడు, "అవే మంచి రోజులు మేడమ్. ఊర్లె ఉన్నం. చల్లటి గాలి, ఇంటి పాలు, అమ్మ చేతి వంట. జీతం మాత్రం హైదరాబాద్ జీతం." అందరు తలూపిన్రు. నేను సుత ఊపిన. ఇంటికొచ్చినంక అనిపించింది, నేనెందుకు ఊపిన?

ఆయనకు ఊరంటే నాలుగు గదుల ఇల్లు, ముందట జామచెట్టు, వెనుక బర్ల కొట్టం. నాకు ఊరంటే ఊరు కాదు, ఊరవతల వాడ. రెండు అర్రలు, మీద రేకులు. ఇద్దరం ఒక్కటే మాట వాడినం, వర్క్ ఫ్రం హోమ్ అని. వర్క్ ఒక్కటే. హోమ్ ఒక్కటి కాదు.

ఈ వారం దీని గురించే రాస్తున్న. జర పొడుగైతది. చట్టాల ముచ్చట సుత ఉన్నది. ఓపికతోని చదవండ్రి, ముఖ్యంగ కంప్యూటర్ ముందట కూసొని పనిచేసే మన పిల్లలు చదవండ్రి.

*

మా ఇంట్ల ఇంటి నుంచి పని చేసిన మొదటి మనిషిని నేను కాదు. మా అవ్వ.

మాది నిజామాబాద్ జిల్లా. మాదిగవాడల పుట్టిన ఆడపిల్లకు రెండు పనులు రాసిపెట్టి ఉండేటివి. కైకిలి దొరికిన నాడు కైకిలి, దొరకని నాడు బీడీలు. అవ్వ పదేండ్ల వయసుల ఒళ్లె చాట పెట్టుకున్నది. తునికాకు నానబెట్టుడు, తడిబట్టల చుట్టి పెట్టుడు, రేకు అచ్చు పెట్టి కత్తెరతోని కత్తిరించుడు, తంబాకు పోసి చుట్టుడు, దారం కట్టుడు, మూతి మడిచి ఒత్తుడు. 25 బీడీలకు ఒక కట్ట. వెయ్యి బీడీలకు 40 కట్టలు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఆమె చేతులు చాటల ఉండేటివి. నాకు పాలిచ్చుకుంట సుత చుట్టిందట. తంబాకు వాసన లేని అవ్వ నాకు తెల్వదు.

సాయంత్రం కట్టలు గంపల పెట్టుకొని కార్ఖానకు పోయేది. మా వాడోళ్లు కట్టలను అరుగు మీద పెట్టి ఎనకకు జరగాలె. టేకేదారు అప్పుడు వచ్చి లెక్కపెట్టేది. కట్ట విప్పి, "ఇది లావున్నది, ఇది సన్నమున్నది, దీని మూతి సక్కగ లేదు" అని పక్కకు పడేసేది. పడేసిన వాటికి పైసలు లేవు. ఆ బీడీలు మాత్రం వాపస్ ఇయ్యడు. పొద్దున ఇచ్చిన ఆకుల సగం చిల్లులు, మచ్చలు. తక్కువ పడ్డ ఆకు అవ్వ తన పైసలతోని బజార్ల కొనేది. అంటే ఆయన సరుకు లోటును ఈమె కూలి పూడ్చాలన్నట్టు.

ఇక్కడ ఒక చట్టం ముచ్చట చెప్పాలె. నేను పెద్దగైనంక, సంఘం పనులల్ల తిరుగుతుంటే తెలిసిన ముచ్చట.

1966ల బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. ఆ చట్టంల ఉద్యోగి అంటే కార్ఖానల కూసున్న మనిషి ఒక్కరే కాదు. యజమాని ఇచ్చిన ఆకు, తంబాకు ఇంటికి తెచ్చుకొని చుట్టే మనిషి సుత ఉద్యోగే. ఆమెకు జీతంతోని సెలవు ఉండాలె. ప్రసూతి సాయం ఉండాలె. ఆకు ఎంత ఇచ్చిన్రు, ఏ బీడీలు తీసేసిన్రు, తీసేసిన వాటికి పైసలు ఇయ్యాల్నా వద్దా అని తగాదా వస్తే దాన్ని తేల్చే అధికారి ఉండాలె. మీరే చూడండ్రి, ల్యాప్‌టాప్ అన్న మాట పుట్టక ముందు, ఈ దేశంల వర్క్ ఫ్రం హోమ్ చట్టం ఒకటి ఉన్నది. అది మా అవ్వలాంటోళ్ల కోసం వచ్చింది.

కంపెనీలోళ్లు ఊకుంటరా? కోర్టుకు పోయిన్రు. 1974ల సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతదని చెప్పింది. తర్వాత 1977ల బీడీ పనికి పీఎఫ్ వర్తింపజేసిన్రు. మళ్ల కోర్టుకు పోయిన్రు. "వాళ్లు ఇంట్ల కూసొని చుట్టుకుంటరు, ఎప్పుడు చుడతరో మాకు తెల్వదు, మేము నిలబడి చూస్తలేము, వాళ్లు మా ఉద్యోగులెట్లయితరు" అన్నది వాళ్ల వాదన. 1985ల సుప్రీంకోర్టు దానికి చెప్పిన జవాబును నా మాటల్ల చెప్తున్న. మీరు ఆమె ఇంట్ల నిలబడకపోవచ్చు. కాని ఆమె తెచ్చిన బీడీని పనికిరాదని పక్కకు పెట్టే హక్కు మీ చేతుల ఉన్నది. ఆ హక్కే పెత్తనం. పెత్తనం ఉన్నప్పుడు ఆమె మీ ఉద్యోగే.

నేను ఆ ముచ్చట మొదటిసారి విన్ననాడు అరుగు కనబడ్డది. ఎనకకు జరిగి నిలబడ్డ అవ్వ కనబడ్డది. టేకేదారు పక్కకు పడేసిన బీడీలు కనబడ్డయి. ఏ చెయ్యి ఆమెను అవమానం చేసిందో, ఆ చెయ్యే కోర్టుల రుజువైంది.

చట్టం ఉన్నంత మాత్రాన అవ్వకు అన్ని రాలే. వాడల సగం మంది పేర్లు కంపెనీ రిజిస్టర్ల ఎక్కలే. ఒక్క పేరు మీద అత్తాకోడండ్లు ఇద్దరు చుట్టేటోళ్లు. ఎర్రజెండా సంఘపోళ్లు ధర్నాలు చేస్తే, అవ్వ రెండు రోజులు కైకిలి ఇడిసిపెట్టి పోయి కూసుంటే, అప్పుడు పీఎఫ్ నంబర్ వచ్చింది. ఆ నంబర్ ఉన్నందుకే తర్వాత బీడీ కార్మికుల పింఛన్ వచ్చింది. ఇయ్యాల్టికి ఆ కాయితాలు అవ్వ ట్రంకు పెట్టెల, చీర మడతల ఉంటయి. అవ్వకు చదువు రాదు. కాని తను ఉద్యోగినని చెప్పే కాయితం ఆమె కాడ ఉన్నది.

*

ఇగ నా ముచ్చట.

నేను హైదరాబాద్‌ల ఒక కంపెనీల మెడికల్ బిల్లింగ్ పని చేస్త. అమెరికాల దవాఖానకు పోయినోళ్ల ఇన్సూరెన్స్ క్లెయిములు చూసుడు. అక్కడి పగలు మన రాత్రి. అందుకని సాయంత్రం ఆరున్నరకు కూసుంటే తెల్లారుజామున మూడున్నర. రాత్రికి 40 క్లెయిములు టార్గెట్. క్వాలిటోళ్లు అండ్ల కొన్ని తీసి చూస్తరు. తప్పు దొరికితే ఎర్రర్ అని రాస్తరు. ఎర్రర్లు పెరిగితే ఇన్సెంటివ్ కోత.

2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టంగనే కంపెనీ క్యాబ్‌ల కంప్యూటర్ పంపిన్రు. పెనిమిటి దుబాయ్‌ల. కొడుకుకు నాలుగేండ్లు. స్కూల్ బంద్, పాపను చూసేటోళ్లు లేనట్టే బాబును చూసేటోళ్లు లేరు. రెండు నెలలైనంక మెయిల్ల అనుమతి తీసుకొని, కంప్యూటర్‌ను గోనెసంచిల చుట్టుకొని ఊరికి పోయిన.

ఆ నెలల మా వాడల వర్క్ ఫ్రం హోమ్ అన్న మాట చెల్లింది నా ఒక్కదానికే. మున్సిపాలిటీల ఊడ్చేటోళ్లు రోజూ పోయిన్రు. తాపీ పనోళ్లకు పని లేదు. బీడీ కార్ఖానలు బంద్ పెడితే, ఇంట్ల కూసొని చేసే పని సుత అవ్వోళ్లకు లేకపోయింది. నేను ఒక్కదాన్నే తలుపు దగ్గరికేసుకొని అమెరికాతోని మాట్లాడేది. పిల్లలు కిటికీ కాడ నిలబడి చూసేటోళ్లు.

అవ్వ మొదటి వారం నన్ను గమనించింది. ఒకనాడు అడిగింది, "రాత్రికి ఎన్ని చెయ్యాలె బిడ్డా?"

"నలభై అవ్వా."

"నాకు నలభై కట్టలు, నీకు నలభై. తప్పులు తీస్తరా?"

"తీస్తరు."

"తీసినయి వాపస్ ఇస్తరా?"

ఇద్దరం నవ్వినం. ఆ నవ్వుల ఉన్న నిజం నాకు ఆలస్యంగ తెలిసింది.

*

మంచి గురించి ముందు చెప్త. అబద్ధం ఆడొద్దు కదా.

కిరాయి మిగిలింది. క్యాబ్‌ల పోయే మూడు గంటలు మిగిలినయి. కొడుకు అవ్వ కాడ పెరిగిండు, కథలు నేర్చిండు. అన్నిటికన్న పెద్దది ఇంకొకటి. ఆఫీసుల డబ్బా తెరిస్తే పక్క సీటోళ్లు "ఏం కూర?" అని అడుగుతరు. అది ఉట్టి ప్రశ్న కాదని మనకు ఎరుకే. పెద్దకూర తెచ్చిన నాడు నేను కాంటీన్‌ల మూలకు, గోడ దిక్కు ముఖం పెట్టి తిన్న మనిషిని. రెండేండ్లు మా ఇంట్ల మా పళ్లెంల, ఎవ్వరు ఏమంటరో అన్న భయం లేకుంట తిన్న. అది ఏ కంపెనీ హెచ్ఆర్ లాభనష్టాల పట్టికల రాయదు. మన పట్టికల అదే మొదటి వరుస.

చెడు సుత రాస్త. కుర్చీ లేదు, మంచం మీద కూసొని బీరువాకు ఒరిగి పనిచేసిన, నడుం పోయింది. కరెంటు బిల్లు నాది, ఇంటర్నెట్ నాది, ఇన్వర్టర్ బ్యాటరీ నాది. పొద్దున పడుకుందామంటే ఇంటి పని ముందట నిలబడ్డది. ఆఫీసుకు పోయే ఆడదానికి బస్సెక్కినంకన్న ఇల్లు ఇడుస్తది. ఇంటి నుంచి చేసే ఆడదాన్ని ఇల్లు ఇడవదు, ఆఫీసు ఇడవదు. షిఫ్ట్ అయిపోయినంక సుత మెసేజ్. "ఇంట్లనే ఉన్నరు కదా" అంటరు. అవ్వకు సుత ఊర్లె గిదే మాట, "ఇంట్లనే కూసొని చేస్తవ్ కదా, నీకేం కష్టం" అని.

ఫ్రాన్స్‌ల 2017 నుంచి, పని అయిపోయినంక ఫోన్ పక్కకు పెట్టే హక్కు చట్టంల ఉన్నది. స్పెయిన్‌ల 2020ల వచ్చిన చట్టం, ఇంటి నుంచి చేసేటోళ్లకు సామాను, ఖర్చు యజమానే పెట్టుకోవాలె అన్నది. పోర్చుగల్‌ల 2021ల చేసిన చట్టం పని గంటలు దాటినంక కార్మికులను సతాయించొద్దన్నది. మన లోక్‌సభల 2018ల సుప్రియా సూలే గిసొంటి బిల్లే ఒకటి పెట్టింది. ప్రైవేటు బిల్లు. చట్టం కాలే.

మరి మన దేశంల కరోనా నాడు చట్టాలే మారలేదా? మారినయి. అది చదివితే నవ్వు రావాల్నో ఏడుపు రావాల్నో తెల్వది.

కాల్ సెంటర్, బీపీఓ కంపెనీలకు టెలికం శాఖ నియమాలు ఉండేటివి. ఇంటి నుంచి పని చేయించాలంటే అనుమతి, డిపాజిట్. 2020 మార్చిల వాటిని సడలించిన్రు, నవంబర్ 5న కొత్త నియమాలు ఇచ్చి చానామటుకు ఎత్తేసిన్రు. ప్రత్యేక ఆర్థిక మండళ్ల కంపెనీలకు 2022 జులైల 43ఎ అని ఒక నియమం పెట్టిన్రు. సగం మంది దాంక, ఏడాది దాంక ఇంటి నుంచి చేయొచ్చన్నరు, తర్వాత ఆ హద్దులు సుత సడలించిన్రు. ఆ నియమం ఎందుకు కావాల్సి వచ్చింది? పన్ను లేకుంట తెచ్చిన కంప్యూటర్ మండలి గేటు దాటి బయటికి పోతున్నది కనుక. టెలికం శాఖకు ఫోన్ లైన్ ముఖ్యం. వాణిజ్య శాఖకు కంప్యూటర్ ముఖ్యం. ఆ కంప్యూటర్ ముందట కూసున్న మనిషి నడుం, నిద్ర, కరెంటు బిల్లు ఏ శాఖది?

1966 చట్టం ఆకు వెంట పోలే, అవ్వ వెంట ఇంటి దాంక వచ్చింది. మా కాలం నియమాలు కంప్యూటర్ వెంట వచ్చినయి. మనిషిని గేటు కాడ్నే ఇడిసిపెట్టినయి.

*

ఇప్పటిదాంక ఎవ్వరికి చెప్పని ముచ్చట ఒకటి చెప్త.

మా ఇంట్ల ముందర్ర గోడకు బాబాసాహెబ్ ఫొటో ఉంటది. నీలం కోటు, చేతుల పుస్తకం. నాయిన బతికున్నప్పుడు ఏప్రిల్ 14 నాడు తెచ్చి పెట్టిండు. నేను కూసునే మంచానికి సరిగ్గ ఎనక అదే గోడ. కెమెరా పెడితే నా తల మీద బాబాసాహెబ్ కనబడేది.

2021ల కెమెరాలు ఆన్ చెయ్యాలని ఆర్డర్ వచ్చింది. మీటింగ్‌ల ఒకామె ఎనక వెంకటేశ్వరస్వామి, ఒకాయన ఎనక సాయిబాబా, ఇంకొకాయన ఎనక ఇంటి పూజగది మొత్తం కనబడేది. ఎవ్వరు ఏమనలే, అనాల్సిన పని లేదు సుత. మూడో మీటింగ్ అయినంక టీమ్ లీడ్ నాకు ఒక్కదానికే మెసేజ్ పెట్టిండు. "మీ వెనకాల ఫొటో కొంచెం పొలిటికల్‌గా ఉంది. క్లయింట్ కాల్స్ ఉంటాయి కదా. బ్లర్ పెట్టుకోండి, ప్రొఫెషనల్‌గా ఉంటుంది."

నేను ఎన్ని సభలల్ల మాట్లాడిన! ఎన్ని పోస్టులు రాసిన! ఆ రాత్రి ఏం చేసిన్నో తెలుసా? బ్లర్ పెట్టిన. కొడుకు ఫీజు, ఇన్వర్టర్ కిస్తు, అవ్వ మందులు యాదికొచ్చినయి. ఒక్క బటన్. అంతే.

రెండు రోజులకు, అర్ధరాత్రి అవ్వ చాయ్ పట్టుకొని వచ్చింది. తెర మీద నన్ను చూసింది, గోడను చూసింది, మళ్ల తెరను చూసింది.

"బిడ్డా, అంబేద్కర్ ఏడపోయిండు?"

"కంప్యూటర్ల గట్లనే మసక కనబడ్తదవ్వా."

"నువ్వు మంచిగనే కనబడ్తున్నవ్ కదా."

నేనేం మాట్లాడలే. అవ్వ చాయ్ పెట్టి పోయింది. ఆమెకు అర్థమైందా లేదా అని ఇప్పటికీ అడగలే.

కోపం తగ్గినంక, దీన్ని ఎవరికి చెప్పుకోవాలె అని ఆలోచించిన. ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల చట్టం, 2013ది, పనిచోటు అంటే ఏమిటో చెప్పే కాడ ఇంటిని సుత చేర్చింది. పదిమంది పనిచేసే కాడ కమిటీ ఉండాలె అన్నది. మంచిది. మరి కులం ముచ్చటకు అసొంటి కమిటీ ఏది? ప్రైవేటు కంపెనీల అది పెట్టాలని చెప్పే చట్టం లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద తిట్టుడు, అవమానించుడు నేరం కావాలంటే నలుగురికి కనబడేట్టు జరగాలె. నాలుగు గోడల నడుమ, బయటోళ్లు లేని కాడ అంటే ఆ సెక్షన్ వర్తించదని 2020ల సుప్రీంకోర్టు హితేష్ వర్మ కేసుల చెప్పింది. ఇంటర్నెట్‌ల అందరికి కనబడేట్టు పెట్టిన మాట ఈ చట్టం కిందికి వస్తదని 2022ల కేరళ హైకోర్టు అన్నది. నాకొచ్చింది అందరికి కనబడేది కాదు. తిట్టు సుత కాదు. మర్యాదగ, "అండి" పెట్టి రాసిన రెండు లైన్లు.

ఆఫీసుల అయితే పక్క సీటు పిల్ల నా ముఖం చూసి ఏమైందక్కా అని అడిగేది. బాత్రూమ్ కాడ, బస్ స్టాప్ కాడ మనోళ్లు ఇద్దరు కలిస్తరు, ముచ్చట పెట్టుకుంటరు. ఇంట్ల నేను, కంప్యూటర్, మసక గోడ. ఇంటి నుంచి పని చేస్తే కులం ఇంటి బయట ఆగుతదని కొందరు అనుకుంటరు. ఆగదు. సాక్షి లేకుంట లోపలికి వస్తది.

*

2021 జులైల గాలివానకు లైన్లు తెగినయి. మూడు రాత్రులు నాకు పని సాగలే. నెలాఖరుకు చూస్తే మూడు రోజుల జీతం కోత.

అవ్వ అన్నది, "రాసుకున్నవా?"

ఏం రాసుకునుడు? అప్పుడు ఆమె నన్ను వంటర్రలకు తీసుకపోయింది. పొయ్యి ఎనక గోడకు సున్నం కింద పాత బొగ్గు గీతలు ఇంకా లీలగ కనబడ్తయి. ఆకు తక్కువిచ్చిన నాడు ఒక అడ్డగీత. బీడీలు తీసేసిన నాడు ఒక నిలువుగీత. సంఘపోళ్లు వచ్చి లెక్క అడిగిన్నాడు, చదువు రాని అవ్వ గోడ చూసి చెప్పిందట.

మరునాడు నేను ఒక నోట్‌బుక్ కొన్న. ఎప్పుడు కూసున్న, ఎప్పుడు లేచిన, కరెంటు ఎప్పుడు పోయింది, ఎన్నడు మెసేజ్ పెట్టిన్రు, ఏ క్లెయిమ్ ఎర్రర్ అన్నరు, ఎందుకన్నరు. పోయిన మూడు రాత్రులది సుత ఫోన్‌ల మెసేజీలు చూసి రాసి, ఫొటో తీసి హెచ్ఆర్‌కు మెయిల్ చేసిన. మూడు వారాలు జవాబు లేదు. నాలుగో వారం రెండు రోజుల జీతం వాపస్ వచ్చింది. మూడో రాత్రికి రుజువు లేదన్నరు. నిజమే, ఆ రాత్రి నేను ఎవ్వరికి మెసేజ్ పెట్టలే.

ఆ మెయిల్ పంపిన నాడే బ్లర్ తీసేసిన. ధైర్యం వచ్చిందని కాదు, నోట్‌బుక్ ఉన్నదని. మీటింగ్‌ల టీమ్ లీడ్ ఒక్క నిమిషం చూసిండు. ఏమనలే. ఆ ఏడాది నా రేటింగ్ ఒక మెట్టు తగ్గింది. దానికి, దీనికి సంబంధం ఉన్నదని నేను రుజువు చెయ్యలేను. మీకు చెప్తున్న, అంతే.

*

2023ల మెయిల్ వచ్చింది. 15 రోజులల్ల అందరు ఆఫీసుకు రావాలె. అవ్వకు అప్పటికే దమ్ము. తంబాకు దుమ్ము ఊపిరితిత్తులల్ల కూసున్నది. ఇంకో ఆర్నెల్లు ఇయ్యమని అడిగిన. "వర్క్ ఫ్రం హోమ్ అనేది ఫెసిలిటీ మాత్రమే, హక్కు కాదు" అని జవాబు. అది అబద్ధం కాదు. నా అపాయింట్‌మెంట్ లెటర్ల పనిచోటు హైదరాబాద్. మూడేండ్లు నేను పనిచేసిన మా ఇంటికి ఏ కాయితంల పేరు లేదు.

2020 డిసెంబర్ 31న కేంద్ర కార్మిక శాఖ సేవారంగానికి నమూనా స్టాండింగ్ ఆర్డర్ల ముసాయిదా పెట్టింది. అండ్ల వర్క్ ఫ్రం హోమ్ మాట ఉన్నది. ఎట్లున్నది? యజమాని అనుమతించవచ్చు, ఎన్ని రోజులో యజమాని చెప్తడు. 2017ల సవరించిన ప్రసూతి చట్టంల సుత, 26 వారాల సెలవు అయినంక ఇంటి నుంచి చేసే వీలు ఉన్నది, యజమాని ఒప్పుకుంటే. రాష్ట్రంల షాపులు, సంస్థల చట్టం 1988ది ఉన్నది, కాని పని గంటల సెక్షన్ల నుంచి ఐటీ కంపెనీలకు సర్కారు మినహాయింపులు ఇస్తూనే వస్తున్నది. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినయి. అవ్వ 1966 చట్టాన్ని అండ్ల కలిపేసిన్రు. ఇంటి పని గురించి ఐఎల్ఓ 1996ల చేసిన 177వ ఒప్పందం మీద మన దేశం ఇంతవరకు సంతకం పెట్టలే.

హైదరాబాద్ వచ్చి ఇల్లు ఎతికితే ఆరు ఇండ్లు చూసిన. మొదటి ప్రశ్న, ఎంతమంది ఉంటరు. రెండోది, వెజిటేరియనేనా. మూడోది, మీరేమోళ్లు. ఏడో ఇల్లు ఒక సాయిబు ఇచ్చిండు. ఆయన కిరాయి ఒక్కటే అడిగిండు.

అయినా నేను ఒక మాట ఒప్పుకోవాలె. ఆఫీసు మొదటిరోజు, బస్సు దిగి నడుస్తుంటే పాణం తేలికైంది. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభల బాబాసాహెబ్ ఊర్లను మెచ్చుకునేటోళ్లను ఎందుకు మందలించిండో, వాడల ఉండి పనిచేసినోళ్లకు మంచిగ తెలుస్తది. పట్నంల గుంపుల కలిసిపోవచ్చు. ఊర్లె మా ఇల్లు ఏ దిక్కున ఉన్నదో అందరికి ఎరుకే. అందుకని వర్క్ ఫ్రం హోమ్ మంచిదా చెడ్డదా అని ఎవరన్న అడిగితే నాకు ఒక్క మాటల జవాబు రాదు. ఆఫీసుల డబ్బా దాచుకున్న. ఇంట్ల ఫొటో దాచుకున్న. చోటు మారితే దాచుకునేది మారింది.

కనుక మనం అడగాల్సింది ఇల్లా ఆఫీసా అని కాదు. పని ఎక్కడికి పోతే చట్టం అక్కడికి రావాలె. ఇంటిని పనిచోటుగ కాయితం మీద రాయాలె. కరెంటు, ఇంటర్నెట్, కుర్చీ ఖర్చు కంపెనీ పెట్టుకోవాలె. లైన్ తెగితే జీతం తెగొద్దు. షిఫ్ట్ అయినంక మెసేజ్‌కు జవాబియ్యకపోతే శిక్ష ఉండొద్దు. పనిచేసేటప్పుడు ఇంట్ల దెబ్బ తగిలితే నష్టపరిహారం ఎవరిదో చట్టంల తేల్చి రాయాలె. ఎర్రర్ అన్నప్పుడు ఎందుకన్నరో చెప్పాలె, తగాదా తేల్చే మనిషి ఉండాలె. లైంగిక వేధింపులకు ఉన్నట్టు కులం అవమానాలకు సుత ప్రతి కంపెనీల కమిటీ ఉండాలె, దాని చెయ్యి వీడియో కాల్ దాంక, పర్సనల్ మెసేజ్ దాంక సాగాలె. ఇండ్ల చానామటుకు కొత్తవి కావు. బీడీలు చుట్టే చదువురాని ఆడోళ్లు జెండా పట్టుకొని ఎన్నడో గెలిచినయి. వాళ్ల బిడ్డలం, డిగ్రీలు చదివి, ఆమాత్రం అడగకపోతే ఎట్ల?

ఇప్పుడు నేను వారంల మూడు రోజులు ఆఫీసుకు పోత, రెండు రోజులు ఇంటి నుంచి చేస్త. అవ్వను నా కాడికి తెచ్చుకున్న. చాట సుత తెచ్చుకున్నది, బియ్యం చెరిగేందుకు అంటది. వచ్చేటప్పుడు గోడ మీది ఫొటో ఆమెనే తీసి, చీరల చుట్టి, ట్రంకుల పీఎఫ్ కాయితాల మీద పెట్టుకొని వచ్చింది. కిరాయి ఇంట్ల మేకు ఎక్కడ కొట్టాల్నో సుత ఆమెనే చూపెట్టింది. కంప్యూటర్ ఎనక గోడ.

కంప్యూటర్ ముందట కూసునే తమ్ముండ్లకు, చెల్లెండ్లకు ఒక్క మాట. ఇయ్యాల్నే ఒక నోట్‌బుక్ కొనండ్రి. తారీఖు ఏసి రాసుకోండ్రి. ఒక్కరి గోడ గీతలను ఎవ్వరు లెక్కపెట్టరు, పదిమందివి ఒక్క కాడ పెడితే కాదనలేరు. రాసినోళ్లు నాకు చెప్పండ్రి, అందరం కలిసి కూసుందాం.

జై భీమ్.